సీఎస్ఆర్ డబ్బు 40 లక్షలు: ఫాగింగ్ మెషిన్లు కొనాలా, మలేరియా వ్యాక్సిన్ పరిశోధనకు ఇవ్వాలా?

మియాపూర్ మెట్రో:

అందరికీ నమస్తే. మాది మాదాపూర్‌లో ఒక మోస్తరు సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఈ ఏడాది సీఎస్ఆర్ (కంపెనీ లాభాల్లోంచి సమాజం కోసం పెట్టే ఖర్చు) కమిటీలో నన్ను ఇరికించారు. మామూలుగా అయితే సర్కారు బడులకు బెంచీలు, వాటర్ ఫిల్టర్లు ఇచ్చి, ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఈసారి వానాకాలంలో మా ఫ్లోర్‌లో చాలామంది డెంగీతో పడ్డారు. టెస్టింగ్ టీమ్‌లో ఒక కుర్రాడికి ప్లేట్‌లెట్లు పడిపోయి ఐసీయూ దాకా వెళ్లింది. దానికితోడు మా ఎండీ గారిది భద్రాచలం వైపు ఊరు. చిన్నప్పుడు ఇంట్లో ఒకరిని మలేరియాకు పోగొట్టుకున్నారట. "ఈ ఏడాది డబ్బంతా దోమల మీదే పెట్టండి. కానీ పదేళ్ల తర్వాత కూడా ఉపయోగపడేలా ఉండాలి" అని చెప్పేసి అమెరికా వెళ్లిపోయారు.

చేతిలో ఉన్నది 40 లక్షలు. హెచ్ఆర్ వాళ్లు చుట్టుపక్కల కాలనీలకు ఫాగింగ్ మెషిన్లు కొనిద్దామంటున్నారు, వాటి మీద కంపెనీ లోగో వేసుకోవచ్చని. ఇంకొకాయన ఏజెన్సీ గ్రామాల్లో దోమతెరలు పంచుదామన్నారు. నాకేమో వ్యాక్సిన్ పరిశోధనకు ఇస్తే బాగుంటుందని ఉంది. హైదరాబాద్‌లో ఉండి, ఇంత పెద్ద వ్యాక్సిన్ పరిశ్రమ పక్కన పెట్టుకుని ఫాగింగ్ ఏంటి అనిపించింది.

కానీ మీటింగ్‌లో అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. మలేరియా టీకా వచ్చేసింది కదా, ఇంకా పరిశోధన దేనికి? వేల కోట్ల కంపెనీలు చేసే పనికి మన 40 లక్షలు ఏ మూలకు? అసలు ఇస్తే తీసుకునేవాళ్లు ఎవరు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఫాగింగ్ బండి:

నా పేరు చూసి మెషిన్లు కొనమంటాననుకుంటారేమో. వద్దన్నా. నేను దోమల నివారణలోనే ఫీల్డ్ పని చేస్తా. పొగ కొడితే జనాలకు తృప్తి, కార్పొరేటర్‌కు పేరు. ఆ సమయానికి గాల్లో ఉన్న దోమ చస్తుంది, అంతే. డెంగీ దోమ పగలు కుడుతుంది. మీ ఇంట్లోనే కూలర్‌లో, మనీప్లాంట్ సీసాలో, ఫ్రిజ్ వెనక ట్రేలో గుడ్లు పెడుతుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ తడి తగిలితే పిల్లలు లేస్తాయి. మేమేమో సాయంత్రం వీధిలో పొగ పెట్టి పోతాం.

పని జరగాల్సింది లార్వా దగ్గర. నీళ్లలో మందు వేయడం, ఆయిల్ బాల్స్, లార్వాల్ని తినే గంబూజియా చేపలు, ట్యాంకులకు మూతలు. దానికి మనుషులు కావాలి. అది కూడా గేటెడ్ కమ్యూనిటీలో వాచ్‌మన్ లోపలికి రానిస్తే. సిటీలో మలేరియా మోసే దోమ కూడా ఓవర్‌హెడ్ ట్యాంకుల్లోనే పెరుగుతుంది, ఆ మాట చెబితే "మా ట్యాంక్ నీట్‌గా ఉంటది" అంటారు.

వ్యాక్సిన్ మీద నాకంత నమ్మకం లేదు. ఒక టీకా ఒక్క జబ్బుకే. దోమను ఆపితే డెంగీ, చికున్‌గున్యా రెండూ ఆగుతాయి. నలభై లక్షలకు కొంతమంది పిల్లగాళ్లను పెట్టి ఇల్లిల్లూ తిప్పండి. వచ్చే వానాకాలానికే తేడా కనబడుతుంది.

అల్వాల్ ఆంటీ:

బండి బాబు చెప్పింది నిజం. ఫాగింగ్ మెషిన్ల సంగతి అక్కడితో వదిలేయండి.

నేను జీనోమ్ వ్యాలీలో ఒక వ్యాక్సిన్ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చేసి రిటైరయ్యాను. పొద్దున్నే కంపెనీ బస్సు, తుర్కపల్లి, గౌను, మాస్క్, రాత్రికి ఇల్లు. కంపెనీ పేరు అడగొద్దు. టీకా దగ్గర డబ్బు ఎక్కడ పారుతుందో, ఎక్కడ ఇంకిపోతుందో లోపలి నుంచి చూశాను కాబట్టి చెబుతున్నా. కాస్త పెద్దగా ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

ముందు "టీకా వచ్చేసింది కదా" అన్నది. వచ్చాయి, రెండు. మొదటిది ఆర్‌టీఎస్,ఎస్. జీఎస్‌కే అనే మందుల కంపెనీ వాళ్లు, అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ సంస్థ కలిసి 1987లో రూపం ఇచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పిల్లలకు వేయమని చెప్పింది 2021 అక్టోబర్‌లో. రెండోది ఆర్21, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తయారుచేస్తే పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ ఉత్పత్తి చేస్తోంది. దానికి 2023 అక్టోబర్‌లో సిఫారసు వచ్చింది. మొదటిదాన్ని ఏడు ఆఫ్రికా దేశాల్లో 15 వేలకు పైగా పిల్లల మీద పరీక్షించారు. నాలుగు డోసులు వేస్తే, నాలుగేళ్లలో మలేరియా దాడులు 36 శాతం తగ్గాయి. మన పదో తరగతి లెక్కలో బొటాబొటీ పాస్. అయినా ఘనా, కెన్యా, మలావీల్లో మామూలు టీకాల కార్యక్రమంలో కలిపి వేస్తే, పసిపిల్లల మరణాలు 13 శాతం తగ్గాయి. 2023లో మలేరియాతో ప్రపంచంలో 5 లక్షల 97 వేల మంది చనిపోయారు. చాలావరకు ఆఫ్రికాలో, అందులోనూ ఐదేళ్లలోపు వాళ్లే. అక్కడ 13 శాతం అంటే ఎంతో మీరే చూసుకోండి.

మరి 1987కూ 2021కీ మధ్య ఏం చేశారంటారా? సైన్స్ కష్టమే. మలేరియా తెచ్చే పరాన్నజీవి వైరస్ లాంటిది కాదు. ఐదు వేలకు పైగా జన్యువులున్న జీవి. దోమలో ఒక వేషం, కాలేయంలో ఒక వేషం, రక్తంలో ఇంకో వేషం. కానీ ఆలస్యమంతా సైన్స్‌దే కాదు. 2015లోనే యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ సరేనంది. అప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ, కొన్ని దేశాల్లో చిన్నగా వేసి చూడండి అంది. ఆ చూడ్డానికి డబ్బు కావాలి కదా. గావి, గ్లోబల్ ఫండ్, యూనిటెయిడ్ అనే మూడు అంతర్జాతీయ నిధి సంస్థలు కలిసి పోగేసి, మొదటి పిల్లాడికి సూది పడేసరికి 2019 వచ్చింది. టీకా ఉంది, తయారుచేయగల ఫ్యాక్టరీ ఉంది, మధ్యలో నాలుగేళ్లు ఇలా పోయాయి.

ఇక కంపెనీల డబ్బు. కంపెనీని తిట్టడం తేలిక, నాకూ జీతం ఇచ్చింది కంపెనీయే. కొనేవాడు కనబడితేనే కంపెనీ కదులుతుంది. మెదడువాపు టీకా చూడండి. అది కూడా దోమ జబ్బే. కోలార్‌లో ఒక రోగి నుంచి తీసిన వైరస్‌తో పుణెలోని వైరాలజీ సంస్థ ఎన్ఐవీ, భారత్ బయోటెక్ కలిసి జెన్‌వాక్ తెచ్చాయి, 2013లో. ప్రభుత్వం టీకాల కార్యక్రమంలో కొంటుందన్న ఆశ ఉంటేనే ఇలాంటి అడుగు పడుతుంది. డెంగీకి అయితే ఇప్పుడు పోటీయే నడుస్తోంది. జపాన్ టకేడా టీకాను మన బయొలాజికల్ ఇ తయారుచేసేందుకు 2024లో ఒప్పందం అయింది. గచ్చిబౌలి ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వాళ్లది ఒకటి నడుస్తోంది. పనాసియా బయోటెక్, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) కలిసి 2024 ఆగస్టులో 10 వేల మందికి పైగా వాలంటీర్లతో మూడో దశ ట్రయల్ మొదలుపెట్టాయి.

డెంగీలో జాగ్రత్తలు ఎక్కువ, అది వేరే కథ. నాలుగు రకాల వైరస్‌లు. ఒకదానికి అరకొర రక్షణ ఉంటే రెండోది వచ్చినప్పుడు జబ్బు ముదరొచ్చు. ఫిలిప్పీన్స్‌లో 8 లక్షల మందికి పైగా పిల్లలకు ఒక టీకా వేశాక, అంతకుముందు డెంగీ రాని పిల్లలకు దానివల్ల ముప్పు ఉండొచ్చని 2017లో కంపెనీయే చెప్పింది. ఆ దెబ్బకు అక్కడ మామూలు టీకాల మీద కూడా జనానికి నమ్మకం పోయింది. అందుకే ట్రయల్ నిదానంగా నడుస్తుంటే విసుక్కోకండి.

నేను చెప్పొచ్చేది, మీ ఫ్లోర్‌లో పడింది డెంగీయే అయినా మీ డబ్బు డెంగీకి ఇవ్వకండి. డెంగీ అపార్ట్‌మెంట్లలోకి వస్తుంది. రేపు టీకా వస్తే రెండు వేలైనా పెట్టి కొనుక్కునేవాళ్లు మీ ఆఫీసులోనే ఉంటారు. మార్కెట్ ఉన్నచోటికి డబ్బు తనంతట తనే వస్తుంది. మీ ఎండీ గారి ఊరి మలేరియాకు ఆ మార్కెట్ లేదు.

మలేరియాకు ఇచ్చేవాళ్లు కూడా తగ్గుతున్నారు. ఆర్‌టీఎస్,ఎస్ కోసం గేట్స్ ఫౌండేషన్ ఒక్కటే 20 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. అలాంటి చేతులు ఎన్నో లేవు. 2025లో అమెరికా ప్రభుత్వం తన యూఎస్ఎయిడ్ మలేరియా వ్యాక్సిన్ కార్యక్రమాన్ని మూసేసింది. గావికి ఇక డబ్బు ఇవ్వబోమని కూడా ప్రకటించింది. అన్నట్టు ఆర్‌టీఎస్,ఎస్ తయారీ మెల్లగా మన ఊరికే వస్తోంది, 2021లో భారత్ బయోటెక్‌తో ఒప్పందం అయింది. 2028కల్లా డోసు ధర 5 డాలర్ల లోపుకు తెస్తామని 2025లో రెండు కంపెనీలూ చెప్పాయి. మంచిదే. కానీ అది ఆఫ్రికా పిల్లల కోసం. మన ఏజెన్సీ మలేరియాలో వేరే రకం కూడా ఉంది. దానికి ఈ రెండు టీకాలూ పనికిరావు.

మియాపూర్ మెట్రో:

ఆంటీ, చాలా థ్యాంక్స్. ప్రింట్ తీసి హెచ్ఆర్ టేబుల్ మీద పెట్టాలి. వేరే రకం అంటే ఏంటండీ? మలేరియా అంటే ఒకటే అనుకున్నా. అయినా 20 కోట్ల డాలర్ల ఆటలో 40 లక్షల రూపాయలు చిల్లరే కదా?

ఆరో ఏడు పీహెచ్‌డీ:

ఇది నా ఏరియా కాబట్టి నేను దూరుతున్నా. ఇక్కడే ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో మలేరియా పరాన్నజీవి మీద పనిచేస్తున్నా. ఎప్పుడు పూర్తవుతుందని మాత్రం అడగకండి, ఇంట్లో రోజూ అడుగుతున్నారు.

మనుషుల్ని ఎక్కువగా పట్టేవి రెండు రకాలు. ఫాల్సిపారం ప్రాణాలు తీసేది. ఆంటీ చెప్పిన రెండు టీకాలూ దానికే. రెండోది వైవాక్స్. ఒకసారి జ్వరం తగ్గినా దీని విత్తులు కాలేయంలో నిద్రపోతూ ఉంటాయి. దోమ మళ్లీ కుట్టకుండానే వారాలకో నెలలకో జ్వరం తిరగబెడుతుంది. మామూలు మందులు రక్తంలో ఉన్నదాన్నే చంపుతాయి. కాలేయంలోదానికి ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి. జ్వరం తగ్గిన మనిషి పద్నాలుగు రోజులు మాత్ర మింగుతాడా? మా పెదనాన్నే మింగలేదు.

వైవాక్స్ ఎర్రరక్త కణంలోకి దూరాలంటే మామూలుగా కణం మీద డఫీ అనే ప్రొటీన్ ఉండాలి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో ఎక్కువమందికి అది ఉండదు, అందుకే అక్కడ వైవాక్స్ చాలా తక్కువ. మలేరియా డబ్బులో పెద్దభాగం ఆఫ్రికాలో చావుల్ని ఆపడానికి పోతుంది. అదే న్యాయం కూడా. కానీ దానివల్ల వైవాక్స్ మన నెత్తిన పడింది. మనం పెట్టకపోతే దీనికి ఇంకొకరు వచ్చి పెట్టరు.

ఇంకో చిక్కు ఉంది, మీ 40 లక్షలకు పని దొరికేది అక్కడే. ఫాల్సిపారాన్ని ల్యాబ్‌లో ప్లేట్‌లో పెంచొచ్చు, 1976 నుంచి పెంచుతున్నారు. వైవాక్స్‌ను ఇప్పటికీ అలా ఎడతెగకుండా పెంచడం ఎవరివల్లా కాలేదు. దానికి అప్పుడే పుట్టిన లేత ఎర్రకణాలే కావాలి. కాబట్టి ప్రతి ప్రయోగానికీ రోగి ఒంట్లోంచి తాజా రక్తం రావాలి. రోగి ఉండేది భద్రాద్రి కొత్తగూడెంలోనో, ములుగులోనో, అల్లూరి జిల్లాలోనో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోనో. ల్యాబ్ ఉండేది హైదరాబాద్‌లో. మధ్యలో ఆరేడు గంటల దారి. వాన పడితే వాగు పొంగుతుంది, శాంపిల్ పోతుంది.

మాకు మెషిన్లకు గ్రాంట్ దొరుకుతుంది. కోటి రూపాయల మైక్రోస్కోప్ ఉంది. పీహెచ్‌సీలో కూర్చుని, రోగికి గోండులోనో కోయలోనో విషయం చెప్పి, ఒప్పుకున్నాక రక్తం తీసి, స్లైడ్ చూసి, పెట్టెలో పెట్టి పంపే టెక్నీషియన్‌కు జీతం దొరకదు. ప్రాజెక్ట్ రెండేళ్లు ఉంటుంది, మధ్యలో నిధుల విడుదల ఆగితే ఆ అమ్మాయి వేరే ఉద్యోగం చూసుకుంటుంది. కొత్తవాళ్లకు నేర్పేసరికి వానాకాలం అయిపోతుంది. వైవాక్స్‌కు వానాకాలం పోయిందంటే ఏడాది పోయినట్టే.

ఇదేదో దండగ పని అనుకోకండి. డఫీని పట్టుకునే వైవాక్స్ ప్రొటీన్ మీదే ఒక టీకా ఉంది. దాని మొదలు ఢిల్లీలోని ఐసీజీఈబీ అనే పరిశోధన సంస్థలో. ఆక్స్‌ఫర్డ్‌లో వాలంటీర్లకు వేసి, కావాలని వైవాక్స్ ఎక్కించి చూస్తే, రక్తంలో పరాన్నజీవి పెరిగే వేగం దాదాపు సగానికి తగ్గింది. 2023లో పేపర్ వచ్చింది. మరి మన ఏజెన్సీలో తిరిగే రకాల మీద అది పనిచేస్తుందా? మనవాళ్లలో ఇప్పటికే ఎవరికి ఎంత యాంటీబాడీ ఉంది? ఇది ఆక్స్‌ఫర్డ్‌లో తేలదు, చర్లలోనో వెంకటాపురంలోనో తేలాలి.

పైగా టైమ్ తక్కువుంది. దేశంలో 2015లో 11.7 లక్షల మలేరియా కేసులు నమోదైతే 2023లో 2.27 లక్షలు. శుభవార్తే, నా థీసిస్‌కు తప్ప. కేసులు తగ్గేకొద్దీ టీకా పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఇంకా ఎక్కువ మంది కావాలి, ట్రయల్ ఖర్చు పెరుగుతుంది. శాంపిల్స్ ఇప్పుడు దాచుకోకపోతే తర్వాత దొరకవు.

ఫాగింగ్ బండి:

కేసులు తగ్గినయ్ కదా, మరి టీకా దేనికి తమ్మీ? స్ప్రే కొట్టి, దోమతెరలు ఇచ్చి, ఆశా వర్కర్లు ఇంటికెళ్లి టెస్ట్ చేసి తగ్గించారు. అదే ఇంకొంచెం గట్టిగా చేస్తే పోద్ది.

ఆరో ఏడు పీహెచ్‌డీ:

అన్నా, తగ్గించింది మీరే, కాదనను. కానీ మిగిలింది కష్టమైనది. అడవిలో రాత్రి కాపలా ఉండేవాళ్లు, పోడులో పడుకునేవాళ్లు, సరిహద్దు దాటి వచ్చేవాళ్లు. దోమతెర ఇంట్లో ఉంటుంది, మనిషి చేలో ఉంటాడు. కాలేయంలో నిద్రపోయేదానికి స్ప్రే కొట్టలేం. దేశం 2030కల్లా మలేరియా లేకుండా చేస్తామంటోంది. వైవాక్స్ తిరగబెడుతూ ఉంటే ఆ చివరి మైలు దగ్గరే ఆగిపోతాం.

అల్వాల్ ఆంటీ:

ఇంకొకటి. మన ఊళ్లో మలేరియా టీకా ప్రయత్నం ఇదివరకే జరిగింది, ఎవరికీ గుర్తులేదు. ఐసీజీఈబీ వాళ్ల జైవాక్-1 అనే టీకాను భారత్ బయోటెక్ తయారుచేసింది. 45 మంది వాలంటీర్ల మీద మొదటి దశ ట్రయల్ చేశారు, ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. రెండు ప్రొటీన్లలో ఒకదానికి యాంటీబాడీలు సరిగా రాలేదు. ఇలా రాకపోవడం కూడా తెలియాల్సిన విషయమే. కానీ దీనికి రిబ్బన్ కటింగ్ ఉండదు. 1897లో రోనాల్డ్ రాస్, మలేరియాకూ దోమకూ ఉన్న లంకె తేల్చడానికి, సికింద్రాబాద్‌లో హుసేన్ ఖాన్ అనే రోగి మీద దోమల్ని వదిలి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ అణాలు ఎవరు పెట్టారో, కొరగాని దోమలు ఎన్ని కోశాడో బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ముందు నుంచి పోయే ఎవరికైనా తెలుసా? మీ 40 లక్షలు ఆ అణాల్లాంటివి. లోగో అడిగితే ఇవ్వలేరు.

సీఏ కూకట్‌పల్లి:

రూల్స్ సంగతి నేను చెబుతా. సీఎస్ఆర్ డబ్బు మీ ఇష్టమొచ్చిన స్టార్టప్‌కు పెట్టుబడిగా ఇవ్వడం కుదరదు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో పరిశోధనకు ప్రత్యేకంగా చోటుంది. ప్రభుత్వ నిధులతో నడిచే యూనివర్సిటీలు, సీఎస్ఐఆర్, ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం కింది సంస్థలకు ఇవ్వొచ్చు. అంటే హబ్సిగూడ సీసీఎంబీ వస్తుంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వస్తుంది.

రెండోది ముఖ్యం. మార్చి 31లోపు మొత్తం ఖర్చు చేసేయాలని మీవాళ్లు తొందరపెడతారు. పరిశోధనకు అలా ఇస్తే ల్యాబ్ వాళ్లు కంగారుగా ఏదో మెషిన్ కొని కూర్చుంటారు. దీన్ని బోర్డు తీర్మానంతో కొనసాగే ప్రాజెక్టుగా పెట్టండి. మిగిలిన డబ్బు ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలోకి మార్చి, తర్వాతి మూడేళ్లలో ఖర్చు చేయొచ్చు. అప్పుడు టెక్నీషియన్ జీతం వరుసగా నడుస్తుంది.

మియాపూర్ మెట్రో:

సీఏ గారూ, ఇది బంగారం లాంటి మాట. మూడేళ్లని నాకు తెలియదు. బండి అన్నా, మీ మాట కూడా వదలట్లేదు. 8 లక్షలు మా ఆఫీసు చుట్టుపక్కల బస్తీల్లో లార్వా పనికి, ఇల్లిల్లూ తిరిగే మనుషుల జీతాలకు. మిగతా 32 లక్షలు వైవాక్స్ ఫీల్డ్ శాంపిల్స్‌కు, మూడేళ్లకు, ఇద్దరు టెక్నీషియన్లు, బండి కిరాయి, ఫ్రీజర్ ఖర్చు అని రాసి పంపుతున్నా. ఎండీ గారు సరే అంటారనే అనుకుంటున్నా. ఒప్పందంలో ఏమేం రాయించుకోవాలో ఎవరైనా చెప్పగలరా?

అల్వాల్ ఆంటీ:

టీకా తెస్తామని రాయించుకోకండి. అలా రాసిచ్చే ల్యాబ్ దగ్గరికి అసలు వెళ్లకండి. ఏ పీహెచ్‌సీ నుంచి ఎన్ని శాంపిల్స్ వచ్చాయి, దారిలో ఎన్ని పాడయ్యాయి, ఎందుకు పాడయ్యాయి, ఈ లెక్క మూడు నెలలకోసారి పంపమనండి. పాడైనవాటి లెక్క దాచకుండా ఇచ్చే ల్యాబ్ మంచిది. రోగుల అంగీకార పత్రం తెలుగులో ఒకటే ఉంటే చాలదు, కోయ భాషలో చదివి వినిపించే మనిషి ఉన్నారో లేదో అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూశాకే మొదటి విడత. టెక్నీషియన్ల జీతం ప్రతి నెలా ఐదో తేదీలోపు పడాలన్నది మాత్రం గట్టిగా రాయించండి.

ఆరో ఏడు పీహెచ్‌డీ:

ఐదో తేదీ అన్న లైన్ మా సార్‌కు చూపించా. నవ్వారు. తర్వాత, మూడో విడత ఆలస్యమైతే ఏం చేయాలో కూడా రాయమన్నారు. డ్రాఫ్ట్ పంపండి మెట్రో గారూ, శనివారం చూసి పంపిస్తా.